నా సగం

2016 డిసెంబరు 1, గురువారం. పెద్ద నోట్లు రద్దయ్యాక వచ్చిన మొదటి జీతాల రోజు. కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రంలో మా బ్రాంచి. ఎనిమిదిన్నరకు నేను వెళ్లేసరికే చెప్పుల వరస గేటు దాటి, టీ కొట్టు దాటి, రోడ్డు మలుపు తిరిగింది. నిలబడలేక మనుషులు చెప్పుల్ని వరసలో పెట్టి వేపచెట్టు కింద కూర్చున్నారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు, జీతం పడిన టీచర్లు, పత్తి అమ్మిన డబ్బు ఖాతాలో ఉన్నా కూలీలకు ఇవ్వలేక అల్లాడుతున్న రైతులు. చెప్పులు లేనివాళ్లు రాళ్లు పెట్టారు.

నేను ఆ బ్రాంచిలో అకౌంటెంటుని. మేనేజరు తర్వాత నేనే. స్ట్రాంగ్ రూము రెండు తాళాల్లో ఒకటి నా దగ్గర ఉండేది. చెల్లింపుల కౌంటర్లో ఒక అమ్మాయి కూర్చునేది. ఆ ఆగస్టులోనే ఉద్యోగంలో చేరింది. ఆరు నెలల ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. ఇరవై మూడేళ్లుంటాయేమో. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాసే హక్కు నాకు లేదు.

ఆమె గురించి చెప్పేముందు ఒక నెల వెనక్కి వెళ్లాలి. ఏటా సర్దార్ పటేల్ పుట్టినరోజు వచ్చే వారంలో మాకు విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. ఆ ఏడాది అవి అక్టోబరు 31న మొదలయ్యాయి. నోట్ల రద్దుకు ఎనిమిది రోజుల ముందు. బ్యానరు కట్టి, అందరం చెయ్యి చాపి నిలబడ్డాం. లంచం తీసుకోను, ఇవ్వను అనే ప్రతిజ్ఞ పైకి చదివింది నేనే. తర్వాత మేనేజరు గారు నాలుగు మాటలు చెప్పమంటే సత్యేంద్ర దూబే గురించి చెప్పాను. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు, స్వర్ణ చతుర్భుజి పనుల్లో జరుగుతున్న అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసినవాడు, 2003 నవంబరు 27న గయలో తుపాకీ గుళ్లకు బలైపోయినవాడు. ఆ తర్వాతనే, 2004లో, తప్పులు బయటపెట్టేవాళ్లకు రక్షణ కల్పిస్తూ కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. ఇవన్నీ చెప్పి, ‘తోటివాళ్ల ముందు నిజం చెప్పడానికి చాలా ధైర్యం కావాలి’ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కొట్టలేదు. చివరి కుర్చీలో కూర్చుని కళ్లార్పకుండా నన్నే చూస్తూ ఉండిపోయింది.

ఇక డిసెంబరు 1. నోట్లు మార్చి ఇవ్వడం నవంబరు 24తోనే ఆగిపోయింది. మిగిలినవి రెండే పనులు. పాత నోట్లు ఖాతాల్లో జమ చేసుకోవడం, వారానికి 24,000 మించకుండా కొత్త డబ్బు ఇవ్వడం. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో నూటికి 86 వంతులు ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయాక, కరెన్సీ చెస్టు నుంచి మాలాంటి బ్రాంచికి వచ్చేది ఎంత? అడిగినదాంట్లో సగం కూడా రాలేదు. అది కూడా అన్నీ రెండు వేల నోట్లే. కొత్త అయిదొందలు మాకింకా చేరలేదు. వంద నోట్లు మా దగ్గర ఎప్పుడో అయిపోయాయి. ఆ గులాబీ రంగు నోటు పాత వెయ్యి నోటుకంటే చిన్నది. ఏటీఎంల్లో అరలు మార్చేదాకా దాన్ని పెట్టడానికి కూడా వీల్లేకపోయింది. పైగా పెళపెళలాడే కొత్త నోట్లు ఒకదానికొకటి అతుక్కునేవి. తడి స్పంజి మీద వేలు అద్ది, ఒక్కొక్కటి విడదీసి, రెండుసార్లు లెక్కపెట్టాలి. అలా రోజంతా.

ఆ యాభై రోజుల్లో దేశంలో ఎంతమంది క్యాషియర్లు చేతి డబ్బు కట్టారో ఎవరూ లెక్క తీయలేదు. మా బ్యాంకుల్లో పద్ధతి పాతదే. సాయంత్రం క్యాషు ఎక్కువొస్తే బ్యాంకు ఖాతాలో వేస్తారు, తక్కువొస్తే క్యాషియరు కడతాడు. మామూలు రోజుల్లో ఆ పద్ధతిలో కొంత న్యాయం ఉంది. రోజుకు పన్నెండు గంటలు, తిండి లేకుండా, అరుపుల మధ్య, అంతకుముందు ఎన్నడూ చూడని నోటు లెక్కపెట్టించి, అదే పద్ధతి అప్పుడూ పాటించడం అన్యాయం. ఈ మాట అప్పట్లో మేనేజరు గారితో అన్నాను, యూనియను సమావేశంలో కూడా అన్నాను. ఇతరుల గురించి న్యాయం మాట్లాడటంలో నేనెప్పుడూ వెనకాడలేదు.

మధ్యాహ్నం మూడుంబావు దాటింది. వరసలో ఉన్న ఒక ముసలమ్మ నన్ను చూసి గట్టిగా అంది, ‘ఏం సారూ, ఆ పిల్ల పొద్దన్నుంచి కుర్చీలోంచి లేయలేదు, నీళ్లు గూడ తాగలేదు. మా దుడ్లు ఎక్కడికి పోతాయిలే, ఆ పాపను రెండు ముద్దలు తిననియ్యి.’ గంటల తరబడి ఎండలో నిలబడిన మనిషి అంది ఆ మాట. నేను వెళ్లి చూస్తే అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. చేతివేళ్లు వణుకుతున్నాయి.

‘లే పాపా, పోయి తినిరా. పది నిమిషాలు నేను కూర్చుంటా’ అన్నాను.

‘వద్దు సార్, ఐడీ నాది కదా’ అంది.

నిజమే. కంప్యూటర్లో క్యాషు డ్రాయరు ఆమె ఐడీకి కట్టి ఉంటుంది. ఆమె లేస్తే లాగౌట్ అవ్వాలి, డ్రాయరు తాళం వెయ్యాలి, కౌంటరు ఆగాలి. ఒకరి ఐడీ మీద ఇంకొకరు పనిచేయడం చిన్న తప్పు కాదు. ప్రొబేషనులో ఉన్నవాళ్లకైతే ఉద్యోగమే పోవచ్చు. ఇవన్నీ తెలిసే అన్నాను, ‘లాగౌట్ చేస్తే మళ్లీ టైం పోతుందమ్మా. జనాన్ని చూడు. నేను చూసుకుంటా పో.’

పెద్దవాడు చెప్పాడని వెళ్లింది.

నేను ఆ కుర్చీలో పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. అయిదుగురికి డబ్బిచ్చాను. దయతోనే కూర్చున్నాను. దానిలో ఏ స్వార్థమూ లేదు. ఇప్పటికీ నా జీవితంలో చేసిన మంచి పనులు లెక్కపెడితే ఆ పన్నెండు నిమిషాలు వాటిలోకే వస్తాయి. ఆ తర్వాత జరిగింది వేరే లెక్క.

రాత్రి తొమ్మిదింటికి క్యాషు మూశాం. 24,000 తక్కువ.

మళ్లీ లెక్కపెట్టాం. కట్టలు విప్పి, మెషీన్లో వేసి, చేత్తో లెక్కపెట్టి, చెత్తబుట్ట బోర్లించి చూశాం. సరిగ్గా 24,000. ఆ అంకే జరిగింది చెబుతోంది. 24,000 ఇవ్వాల్సిన చోట ఎవరికో 48,000 వెళ్లాయి. పన్నెండు నోట్లకు బదులు ఇరవై నాలుగు. రోజంతా ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అనుకుంటూ కూర్చున్న చేతికి ఆ పొరపాటు ఎంత సులువో క్యాషులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

డబ్బిచ్చేటప్పుడు విత్‌డ్రాయల్ ఫారం వెనక పార్టీ సంతకం పక్కన ఏ నోట్లు ఎన్ని ఇచ్చామో రాస్తాం. కాబట్టి ఆ రోజు వోచర్లు అన్నీ తిరగేస్తే తెలుస్తుంది. తెలిస్తే ఖాతాదారు ఎవరో తెలుస్తాడు. ఆ రాత్రే ఇంటికి వెళ్లి అడగొచ్చు. పల్లెల్లో చాలామంది తిరిగి ఇచ్చేస్తారు. మేనేజరు గారు పాత నోట్ల స్టేట్‌మెంట్లు పంపడానికి పై ఆఫీసుతో ఫోనులో ఉన్నారు. రోజూ రాత్రి అదొక యుద్ధం. ‘మీరిద్దరూ వోచర్లు చూడండి’ అన్నారు. నేను మిగతా డబ్బు లోపల పెట్టి నా తాళం వేసి స్ట్రాంగ్ రూము నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి నూట నలభై దాకా ఉన్న వోచర్లను రెండు భాగాలు చేసి బల్ల మీద పెట్టింది. ఒక సగం రెండు చేతులతో నా వైపు జరిపింది.

‘ఇవి మీరు చూడండి సార్. ఇవి నేను చూస్తాను.’

అటెండరు పెద్దాయన బయట టీ కొట్టు మూసేస్తుంటే బతిమాలి మూడు గ్లాసులు తెచ్చాడు. మేము తిరగేయడం మొదలుపెట్టాం.

నా సగంలో నాలుగో వోచరు. వెనక్కి తిప్పాను. వంకర సంతకం. పక్కన 2000 × 24.

రాత నాది.

నా 4 నాకు తెలుసు. పైభాగం కలపకుండా విప్పి వదిలేస్తాను, కింది గీత పొడుగ్గా లాగుతాను. ముప్పై ఏళ్లుగా లెడ్జర్లలో అలాగే రాశాను. మూడున్నర ప్రాంతంలో వచ్చిన రైతు అతను. భుజం మీద పచ్చ తువ్వాలు. ‘జల్దీ ఇయ్యి సార్, బస్సు పోతాది’ అన్నాడు. అంతా ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చింది. మధ్యాహ్నపు వోచరు పొద్దుటివాటి మధ్య వరస తప్పి ఉంది. అలాంటి రోజు వరస ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఎంతసేపు ఆ కాగితం చేతిలో పట్టుకున్నానో తెలియదు. అయిదు సెకన్లు అయి ఉంటుంది. ఆ అయిదు సెకన్లలో మనసు ఎంత పని చేస్తుందో నాకు ఆ రాత్రే తెలిసింది. రెండు నెలల్లో నాకు ప్రమోషను ఇంటర్వ్యూ ఉంది. యాభై అయిదేళ్లు, అదే ఆఖరి అవకాశం. ఇంకొకరి ఐడీ మీద కూర్చున్న అకౌంటెంటు అన్న మాట ఫైలులోకి వెళితే అంతే. ఇది మొదట వచ్చిన ఆలోచన. కానీ మనసు దాన్ని అలాగే ఉంచలేదు. వెంటనే దానికి ఇంకో బట్ట తొడిగింది. ‘నేను చెబితే ఈ పిల్లకే నష్టం. ఐడీ ఇచ్చినందుకు ప్రొబేషనులోనే ఇంటికి పంపేస్తారు. డబ్బుదేముంది, ఇవాళ పోతే రేపు వస్తుంది. ఉద్యోగం పోతే రాదు. ఆమె మంచి కోసమే నేను నోరు మూసుకోవాలి.’

ఆఫీసుల్లో నీతి అనగానే అందరం లంచం గురించే మాట్లాడుకుంటాం. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నాకు లంచం ఎరచూపినవాళ్లు ముగ్గురో నలుగురో. ముగ్గురినీ నలుగురినీ బయటికి పొమ్మన్నాను, అది కష్టమనిపించలేదు. కష్టమైన పరీక్షలన్నీ పక్క కుర్చీ నుంచి వచ్చాయి. నా భయానికి పక్కవాళ్ల మేలు అని పేరు పెట్టుకున్నప్పుడల్లా ఓడిపోయాను. నిజంగా ఆ పిల్ల మేలే కావలసి ఉంటే మేనేజరు గారి గదిలోకి వెళ్లి, ‘లాగౌట్ వద్దన్నది నేను, కూర్చున్నది నేను, తప్పు నాది, డబ్బు నేను కడతాను’ అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆఫీసరు ఆజ్ఞ ప్రకారం లేచిన క్లర్కుకు ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి నాకు ఆ రాత్రి కూడా తెలుసు.

వోచరు బోర్లించి అయిదోది తీశాను.

‘మీ దాంట్లో ఏమైనా దొరికిందా సార్?’ చివరిదాకా చూశాక ఆమె అడిగింది.

‘లేదమ్మా. నీ దాంట్లో?’

‘లేదు సార్.’ కాసేపు ఆగి, ‘ఇంకొక్కసారి చూస్తారా సార్?’ అంది.

ఇంకొక్కసారి చూశాను. మొత్తం డెబ్బై వోచర్లూ. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగకుండా జాగ్రత్తపడ్డాను. ‘లేదమ్మా’ అన్నాను.

మేనేజరు గారు ఫోను పెట్టేసి వచ్చి, సీసీ కెమెరా చూద్దామా అన్నారు. ‘ఇప్పుడు ఆరేడు గంటల రికార్డింగు చూడాలంటే తెల్లారుతుంది సార్. ఆ గుంపులో తలలు తప్ప ఏం కనపడతాయి’ అన్నాను. అదీ నేనే అన్నాను. ఆయన చాలా అలిసిపోయి ఉన్నారు. ఆమె వైపు చూశారు. ఆమె నన్ను చూసింది. తర్వాత నెమ్మదిగా వోచర్లన్నీ ఒకటిగా సర్ది దారం చుట్టి, ‘వద్దులే సార్. నేను కట్టేస్తాను’ అంది.

ముందురోజే జీతం పడింది. ఖాతాలో పంతొమ్మిది వేలు ఉన్నాయి. అవన్నీ తీసేస్తూ తన పేరుతో తనే ఫారం రాసింది. మిగిలిన అయిదు వేలకు పెద్దాయన రెండు వేలు ఇచ్చాడు. ఆయన మనవరాలి స్కూలు ఫీజుకని పెట్టుకున్న డబ్బది. మేనేజరు గారు వెయ్యి. నేను జేబులోంచి ఒక రెండు వేల నోటు తీసి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో తీసుకుని నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం నేను తీసుకున్నాను.

ఆ రాత్రి పదకొండింటికి పెద్దాయన ఆమెను సైకిలు మీద గదిదాకా దిగబెట్టాడు.

డిసెంబరు 13న రిజర్వు బ్యాంకు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. నవంబరు 8 నుంచి డిసెంబరు 30 దాకా అన్ని బ్రాంచీల్లో, కరెన్సీ చెస్టుల్లో సీసీ కెమెరాల రికార్డింగులు భద్రపరచమని. దొంగచాటుగా నోట్లు మార్చినవాళ్లను పట్టుకోవడానికి ఇచ్చిన ఆదేశం అది. ఏ దొంగతనమూ చేయని నాకు ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఆ హార్డ్ డిస్కులో నా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

జనవరిలో ఆమె అప్పులు తీర్చడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు నాకు. ‘పెద్దాయనకు ఇవ్వు ముందు, నాకేం తొందర’ అన్నాను. ‘లేదు సార్, మీది నా దగ్గర ఉండకూడదు’ అని నోటు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఎంత పద్ధతైన పిల్ల అనుకున్నాను. ఆమె ప్రొబేషను రిపోర్టులో నిజాయితీ అన్న గడిలో ‘అత్యుత్తమం’ అని రాసింది నేనే. ఫిబ్రవరిలో ఉద్యోగం ఖాయమైంది. వేసవిలో ఆమెకు బదిలీ అయింది. అప్పటికి నాకు ప్రమోషను వచ్చింది.

ఆ తర్వాత మేనేజరుగా పనిచేసిన రెండు బ్రాంచీల్లోనూ కొత్తగా చేరిన క్లర్కులకు మొదటి రోజే ఒక మాట చెప్పేవాడిని. ‘మీ కుర్చీ, మీ ఐడీ ఎవరికీ ఇవ్వకండి, దేవుడు వచ్చి అడిగినా ఇవ్వకండి. నేను చూసిన ఒక అమ్మాయి నెల జీతం పోగొట్టుకుంది.’ ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె కష్టాన్ని పాఠం చేసుకుని అయిదేళ్లు చెప్పాను. ఇది నేను చేసిన రెండో తప్పు. మొదటిదానికంటే చిన్నదని ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆమె తిరిగి ఇచ్చిన ఆ రెండు వేల నోటును నేను ఖర్చుపెట్టలేకపోయాను. ఒక కవరులో పెట్టాను. మరుసటి నెల ఇంకో నోటు, ఆపై నెల ఇంకోటి. ఏడాదికి పన్నెండు నోట్లు అయ్యాయి. ఆమెకు ఇవ్వాలని. ఎప్పుడు ఇవ్వాలి? ప్రమోషను స్థిరపడనీ అనుకున్నాను. తర్వాత, రిటైరు కానీ అనుకున్నాను. 2021లో రిటైరయ్యాక, ఇంతకాలం గడిచాక ఆ పిల్ల మనసు ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నాను. మళ్లీ అదే బట్ట. కవరు బీరువాలో, ఇంటి పత్రాల కింద ఉండిపోయింది.

2023 మే 19 సాయంత్రం టీవీలో వార్త వచ్చింది. రెండు వేల నోటును చెలామణి నుంచి వెనక్కి తీసుకుంటున్నారు. సెప్టెంబరు 30 లోపల బ్యాంకులో ఇవ్వాలి. మా ఆవిడ బీరువా వెతకడం మొదలుపెట్టింది, ఎక్కడైనా ఒకటో రెండో దాచిందేమోనని. నేను కదల్లేదు. నా కవరుకు గడువు పెట్టేశారు.

ఆమె ఆఫీసరు పరీక్ష రాసి పాసైందనీ, నంద్యాల దగ్గర ఒక చిన్న బ్రాంచికి మేనేజరుగా వచ్చిందనీ పాత స్నేహితుల ద్వారా తెలిసింది. జూను మొదటి వారంలో బస్సెక్కాను. నోట్లు మార్చుకోవాలంటే ఒకసారికి 20,000 వరకే. నా దగ్గర ఉన్నవి పన్నెండు. మార్చడానికి రెండు ఎక్కువ. ఖాతాలో వేసుకుంటే పరిమితి లేదు. అయినా అవి నావి కావు కదా, నేను వేసుకోవడమేమిటి అనుకుంటూ కూర్చున్నాను దారి పొడుగునా.

ఈసారి వరసల్లేవు. చెప్పుల్లేవు. నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. మేనేజరు గదిలోంచి ఆమె నన్ను చూసి లేచి వచ్చింది. ‘రండి సార్, బాగున్నారా? మేడమ్ ఎట్లా ఉన్నారు?’ అని కుర్చీ జరిపి, నీళ్లు తెప్పించింది. కళ్లద్దాలు వచ్చాయి. నువ్వు అనాలో మీరు అనాలో తెలియక కాసేపు తడబడ్డాను. తర్వాత కవరు తీసి ఆమె ముందు పెట్టి అంతా చెప్పేశాను. నాలుగో వోచరు, నా రాత, పచ్చ తువ్వాలు, ఇంటర్వ్యూ, రెండుసార్లు లేదనడం. కొత్త క్లర్కులకు చెప్పిన పాఠం కూడా దాచలేదు.

ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. అయ్యాక కవరులోంచి నోట్లు తీసి, వేలు తడిపి, రెండుసార్లు లెక్కపెట్టింది.

‘ఇవి నేను తీసుకోకూడదు సార్. మీ ఖాతాలో వేస్తాను’ అని పే-ఇన్ స్లిప్పు తీసి నా వైపు జరిపింది. ‘నోట్ల వివరం మీ చేత్తోనే రాయండి.’

‘నీ డబ్బు అమ్మా ఇది’ అన్నాను.

‘ఆ ఆదివారం నేను ఆ రైతు ఊరికి పోయినాను సార్’ అంది ఆమె, స్లిప్పు వైపే చూస్తూ. ‘మంచిగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినారు. నాకు పన్నెండు నోట్లే ఇచ్చినారు పాపా అన్నాడు. ఇరవై నాలుగు అని నేనెట్లా చెప్పేది? ఫారం వెనక ఉన్నది నా రాత కాదు కదా. రాసినవాళ్లు వచ్చి చెప్పాల.’

ఏ రైతు దగ్గరికి వెళ్లాలో ఆమెకెలా తెలిసింది అన్న ప్రశ్న నాకు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. పెన్ను పట్టుకుని రాస్తూనే ఉన్నాను. 2000 × 12. కింద మొత్తం, 24,000.

‘చూశావా?’ అన్నాను. ‘ఎప్పుడు చూశావమ్మా?’

ఆమె స్లిప్పు తన వైపు తిప్పుకుంది. పైభాగం కలవని నా 4 మీద ఆమె వేలు ఆగింది.

‘మీరు స్ట్రాంగ్ రూములోంచి రాకముందే సార్. దూబే గారి గురించి అంత బాగా చెప్పిన మనిషి కదా, మీ నోటితోనే వస్తే మీకు మర్యాదగా ఉంటుందనుకున్నా. వరసలోంచి తీసి మీ సగంలో పెట్టింది నేనే.’